ఫైలులో పంక్తులెన్ని?
(వార్షిక సభలో చేసిన ప్రసంగ పాఠం)



లెక్కపెట్టడం చిన్న పనేగదా అని మనమంతా అనుకుంటాం. మేమూ అలాగే అనుకున్నాం. ఉపకార వేతనాలకు దరఖాస్తు పెట్టుకున్న విద్యార్థుల పేర్లను, పంక్తికొకటి చొప్పున, ఒక ఫైలులో ఎక్కించాం. మొత్తం ఎందరో తెలుసుకోవడానికి సి భాషలో చిన్న ప్రోగ్రాము రాశాం. అది 47 అన్నది. కాగితాలు చేత్తో లెక్కపెడితే 48! తప్పిపోయిన చిట్టచివరి పేరు ఒక ఆడపిల్లది. యంత్రం మాట నమ్మి డబ్బు పంచి ఉంటే ఆ బిడ్డ ఫీజు ఆగిపోయేది. తప్పు యంత్రానిది కాదు, మాది. అది ఎక్కడ జరిగిందో మనవి చేస్తాం.

సి భాషను 1970ల మొదట్లో అమెరికాలోని బెల్ ల్యాబ్స్‌లో డెన్నిస్ రిచీ రూపొందించారు. బ్రయాన్ కెర్నిగన్‌తో కలిసి ఆయన 1978లో వెలువరించిన పుస్తకంలో, మొదటి అధ్యాయంలోనే పంక్తులు లెక్కపెట్టే ప్రోగ్రాము ఉంది. పద్ధతి సులువే. ఎఫ్‌ఓపెన్‌తో ఫైలు తెరవాలి. నల్ వచ్చిందంటే ఫైలు తెరుచుకోలేదన్నమాట, అక్కడే ఆగాలి. తెరుచుకుంటే ఎఫ్‌గెట్‌సితో ఒక్కొక్క బైటు చదువుతూ పోవాలి. పంక్తి చివర మీట నొక్కినప్పుడు పడే కొత్తపంక్తి గుర్తు, ఆస్కీ పట్టికలో 10వ సంఖ్య, కనబడినప్పుడల్లా లెక్కకు ఒకటి కలపాలి. ఇఓఎఫ్ రాగానే ఆపి, ఎఫ్‌క్లోజ్‌తో ఫైలు మూసేయాలి.

మరి మా లెక్క ఎందుకు తప్పింది? చివరి పేరు కొట్టాక మీట నొక్కలేదు. పేరు ఉంది, గుర్తు లేదు. మేము లెక్కపెట్టింది పేర్లను కాదు, గుర్తులను! యూనిక్స్‌లోని డబ్ల్యుసి ఆజ్ఞ కూడా పంక్తులకు ఈ గుర్తులనే లెక్కిస్తుంది. దీనికి విరుగుడుంది. చదివిన చివరి బైటును గుర్తుంచుకోవాలి. ఫైలు ముగిశాక, అది కొత్తపంక్తి గుర్తు కాకపోతే ఇంకొకటి కలపాలి. ఫైలు ఖాళీగా ఉంటే మాత్రం కలపకూడదు.

పిల్లలు ఇంకో రెండు విషయాలు మరువరాదు. ఎఫ్‌గెట్‌సి ఇచ్చే విలువను క్యార్‌లో కాదు, ఇంట్‌లో దాచాలి. లేకపోతే కొన్ని యంత్రాల్లో 255 విలువగల బైటు ఇఓఎఫ్‌లాగే కనిపించి చదవడం నడిమధ్యలో ఆగిపోతుంది. మరికొన్నిటిలో ఎప్పటికీ ఆగదు. రెండోది, ఎఫ్‌గెట్స్ వాడి, అది పిలిచినన్నిసార్లు పంక్తులున్నాయని లెక్కవేయడం. దానికి 80 బైట్ల చోటిస్తే ఒకసారికి 79 మాత్రమే చదువుతుంది. యూటీఎఫ్-8లో ఒక్కో తెలుగు అక్షరానికి, ఒక్కో గుణింతపు గుర్తుకు 3 బైట్లు పడతాయి. అంటే 26 గుర్తులు దాటితే ఒకే పంక్తి రెండు ముక్కలై రెండుగా లెక్కకొస్తుంది.

కాబట్టి ప్రోగ్రాము రాయగానే ఖాళీ ఫైలుతో ఒకసారి, చివర గుర్తున్న ఫైలుతో ఒకసారి, లేనిదానితో ఒకసారి పరీక్షించండి. మధ్యలో ఖాళీ పంక్తులుంటే అవీ లెక్కలో చేరతాయని గుర్తుంచుకోండి. ఆపైన కాగితాలతో సరిచూడండి. మేము ఆనాటినుంచి అదే చేస్తున్నాం. వరుసలో చివర నిలబడ్డవాళ్లు కూడా మనవాళ్లే గదా!