మన వెబ్‌సైట్ గేటు దగ్గర ఏం రాసి ఉండాలి?

(పామర్‌స్టన్ నార్త్‌లో జరిగిన మన వార్షిక సమావేశంలో ఇచ్చిన ప్రసంగం)

నేను కంప్యూటర్ చదివినవాణ్ని కాదు. పాలిటెక్నిక్‌లో సివిల్ డిప్లొమా చేసి, ఇనుము, సెంట్రింగ్, కాంక్రీటు మధ్య బతుకుతున్నవాణ్ని. ఇక్కడ పామీలో సైట్ సూపర్‌వైజర్‌ని. కమిటీ వాళ్లు వెబ్‌సైట్ గురించి నన్ను మాట్లాడమంటే, "మాస్సీ యూనివర్సిటీలో చదువుకునే తమ్ముడు కదా కట్టింది, అతను చెప్తాడు" అన్నాను. "కట్టింది అతను, చెడగొట్టింది నువ్వు. నువ్వే చెప్పు" అన్నారు. నిజమే. అందుకే నిలబడ్డాను.

మన సైట్‌లో ముఖ్యమైనవి రెండే. ఒకటి, జీతాలు, సెలవులు, వీసా హక్కుల గురించి తెలుగులో రాసిన పేజీలు. రెండోది "సాయం కావాలి" అనే ఫారం. జీతం కోత పెట్టినా, పాస్‌పోర్ట్ తీసి పెట్టుకున్నా, ఉద్యోగం ఇచ్చినందుకు డబ్బు అడిగినా ఆ ఫారం నింపితే మన వాలంటీర్ ఫోన్ చేస్తారు. పోయిన చలికాలంలో ఆ ఫారానికి చెత్త రావడం మొదలైంది. పంపేది మనుషులు కాదు, బాట్లు. అంటే వాటంతటవే తిరిగే ప్రోగ్రాములు. పొద్దున లేచి చూస్తే వందల మెసేజ్‌లు, లాటరీలు, మందుల ప్రకటనలు. వాటి మధ్య మనవాడు రాసిన నాలుగు ముక్కలు ఎక్కడో పడి ఉండేవి.

మన సైట్ అప్పటికే క్లౌడ్‌ఫ్లేర్ అనే సేవ వెనకాల ఉంది. దీన్ని ఎడ్జ్ నెట్‌వర్క్ అంటారు. సిమెంటు ఫ్యాక్టరీ ఎక్కడున్నా మనం కొనేది ఊళ్లో డీలర్ దగ్గర కదా, ఇదీ అంతే. అసలు సైట్ ఒకచోట ఉంటుంది, దాని కాపీలు, దాని కాపలా మాత్రం ప్రపంచంలో 300కు పైగా నగరాల్లో ఉంటాయి. ఆక్లాండ్‌లో ఉంది, మన హైదరాబాద్‌లోనూ ఉంది. మీరు సైట్ తెరిస్తే ముందు తగిలేది దగ్గర్లో ఉన్న ఆ గేటే.

ఆ గేటుకి "దాడిలో ఉన్నాం" అనే మోడ్ ఒకటి ఉంది. అది పెడితే వచ్చిన ప్రతివాళ్లనీ ముందు ఒక తెల్ల తెర మీద కొన్ని సెకన్లు నిలబెట్టి, నిజమైన బ్రౌజరా, ప్రోగ్రామా అని పరీక్షిస్తుంది. సైట్ మీద దాడి జరుగుతున్న సమయం కోసం పెట్టిన ఏర్పాటు అది. నేను దాన్ని ఆన్ చేసి అలాగే వదిలేశాను. చెత్త ఆగింది. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, మనవాళ్ల మెసేజ్‌లు కూడా ఆగిపోయాయి. మూడు వారాలు ఒక్కటీ రాలేదు. "పోన్లే, ఎవరికీ కష్టం లేదు" అని సంతోషపడ్డాను కూడా.

ఒక ఆదివారం ఇండియన్ షాపు దగ్గర జగిత్యాల వైపు తమ్ముడొకడు నన్ను పక్కకు పిలిచాడు. రాడ్ బెండింగ్ పని అతనిది. "అన్నా, మీ సైట్ల నా పేరు చెక్ చేస్తున్నరా?" అన్నాడు. నాకు అర్థం కాలేదు. "తెల్ల స్క్రీన్ వస్తది. వెరిఫై, వెరిఫై అని తిరుగుతది. మళ్ల మొదటికొస్తది. ఇమ్మిగ్రేషనోళ్లు చూస్తున్నరేమోనని భయమై బంద్ చేసిన" అన్నాడు.

అతని వీసా యజమానికి కట్టేసి ఉన్న వీసా. జీతంలో ప్రతి వారం ఏదో ఒక పేరుతో కోత పడుతోంది. ధైర్యం చేసి రాత్రి పదకొండింటికి దుప్పటి కింద ఫోన్ పెట్టుకుని మన తలుపు తట్టాడు. తలుపు తీయలేదు సరికదా, ఇంగ్లీషులో "నువ్వెవరు" అని అడిగినట్టు అతనికి వినబడింది. మరో మూడు వారాల కోత భరించాడు.

అతని కారులో కూర్చుని ఫోన్ చూశాం. గడియారం ఇండియా టైమ్ చూపిస్తోంది. ఇంటికి ఫోన్ చేసేటప్పుడు లెక్క తప్పకుండా ఉంటుందని టైమ్‌ని చేత్తో వెనక్కి తిప్పి పెట్టుకున్నాడు. చలికాలంలో మనం ఇండియా కంటే ఆరున్నర గంటలు ముందు ఉంటాం. అంటే అతని ఫోన్ దృష్టిలో లోకమంతా ఆరున్నర గంటలు వెనకబడి ఉంది. గడియారం తప్పుంటే ఇలాంటి చెక్ ఫెయిల్ కావచ్చు. టైమ్‌ని "ఆటోమేటిక్"లో పెట్టి, ఇండియా గడియారాన్ని వరల్డ్ క్లాక్‌లో రెండోదిగా చేర్చాం. వెంటనే సైట్ తెరుచుకుంది. మీలోనూ టైమ్ చేత్తో తిప్పుకున్నవాళ్లు ఉంటే ఇప్పుడే మార్చుకోండి.

మరి తప్పు అతనిదా? మన సైట్లలో గుంతకి అడ్డు కట్టకపోతే, పడినవాణ్ని "చూసుకుని నడవాలి కదా" అనం. 2015 నాటి హెల్త్ అండ్ సేఫ్టీ చట్టం కూడా పని నడిపేవాళ్ల మీదే ముందు బాధ్యత పెట్టింది. గేటు దగ్గర హజార్డ్ బోర్డు ఉంటుంది, ఎవరికి రిపోర్ట్ చేయాలో పేరు, నంబరు ఉంటుంది. మన వెబ్‌సైట్ గేటుకి మాత్రం బోర్డే లేదు. కాపలా పెట్టాను, బోర్డు పెట్టలేదు.

ఆ తర్వాత మాస్సీ తమ్ముడు, నేను కూర్చుని మార్చినవి చెప్తాను.

మొదటిది, అన్ని తలుపులకీ కాపలా అక్కర్లేదు. హక్కుల పేజీలు చదవడానికి వచ్చినవాళ్లని ఆపడం తీసేశాం. వలస కార్మికుల దోపిడీ మీద ప్రభుత్వానికి ఫిర్యాదు చేసే నంబరు 0800 200 088 ఏ చెక్ లేకుండా మొదటి పేజీలోనే కనబడుతుంది. ఫిర్యాదు చేసి ఆ యజమాని దగ్గర్నుంచి బయటపడాల్సిన వాళ్ల కోసం 2021 జూలై నుంచి ప్రత్యేక వీసా ఒకటి ఉందన్న సంగతి కూడా అక్కడే ఉంది. ఇవి దాచాల్సినవి కావు.

రెండోది, ఫారం దగ్గర మాత్రం టర్న్‌స్టైల్ అనే చిన్న పెట్టె పెట్టాం. ఇది 2022లో క్లౌడ్‌ఫ్లేర్ తెచ్చింది, ఉచితం. పాత కాప్చాల్లా బొమ్మల్లో ఫైర్ హైడ్రంట్ ఎక్కడుందో వెతకమనదు. ఊళ్లో ఫైర్ హైడ్రంటే చూడనివాడు దాన్నెలా గుర్తుపడతాడు? చాలాసార్లు ఇది తనంతట తానే తేల్చుకుంటుంది, లేకపోతే ఒక టిక్ అడుగుతుంది. అది ఇచ్చే టోకెన్ 5 నిమిషాలే చెల్లుతుంది, ఒక్కసారే పనికొస్తుంది. మనవాళ్లు ఆలోచించుకుంటూ అరగంట రాస్తారు. అందుకని చెక్‌ని ఫారం చివర్లో, "పంపు" నొక్కే చోట పెట్టాం. ఆ టోకెన్‌ని మన సర్వర్ మళ్లీ క్లౌడ్‌ఫ్లేర్‌ని అడిగి సరిచూస్తుంది. అది చూడకపోతే పాస్ చూడని వాచ్‌మన్‌ని నిలబెట్టినట్టే.

మూడోది, తెర మీద మాటలు. ఆ పెట్టెలోని మాటలు మన చేతిలో లేవు. దాని పైన, కింద రాసేది మనదే. "మీ గురించి ఏమీ చూడం" అని రాయబోయాను. తమ్ముడు ఆపాడు. "అన్నా, ఐపీ అడ్రస్, బ్రౌజర్ వివరాలు చూస్తుంది. అబద్ధం రాయొద్దు" అన్నాడు. చివరికి ఇలా రాశాం: "వచ్చింది మనిషా, ప్రోగ్రామా అని యంత్రం చూస్తోంది. దానికోసం మీ ఫోన్, ఇంటర్నెట్ వివరాలు కొన్ని చూస్తుంది. మీ వీసా సంగతి చూడదు. ఇది ఇమ్మిగ్రేషన్ వాళ్ల చెక్ కాదు. మామూలుగా కొన్ని సెకన్లు పడుతుంది."

నాలుగోది, ఆగిపోతే ఏం చేయాలో చెప్పాలి. చక్రం తిరుగుతూనే ఉంటే మనిషి తననే తప్పుపట్టుకుంటాడు. పది సెకన్లు దాటితే మా తెర మాట మారుస్తుంది: "ఆలస్యమవుతోంది. మీ తప్పు కాకపోవచ్చు. ఫోన్ టైమ్ చూడండి, వీపీఎన్ ఉంటే ఆపి మళ్లీ ప్రయత్నించండి. కుదరకపోతే ఈ నంబరుకి ఫోన్ చేయండి." క్లౌడ్‌ఫ్లేర్ గేటే ఆపేస్తే, ఆ పేజీ అడుగున రే ఐడీ అనే నంబరు ఉంటుంది. దాన్ని స్క్రీన్‌షాట్ తీసి పంపితే ఎక్కడ ఆగిందో మాకు తెలుస్తుంది. తెలుగు ఫాంట్ కూడా సైట్ నుంచి పంపడం మానేశాం, అది బరువు. ఫోన్‌లో ఉన్న తెలుగే చాలు. రాసింది పోకుండా పేజీ తెరిచి ఉన్నంతసేపు ఉంచుతాం. మూసేస్తే తుడిచేస్తాం. ఒకే గదిలో నలుగురు ఉండేచోట ఫోన్ చేతులు మారుతుంది మరి.

"మీ తప్పు కాకపోవచ్చు" అని ఎందుకు రాశామంటే, 2025 నవంబర్ 18న జరిగింది గుర్తుందా? ఇండియాలో సాయంత్రం ఐదవుతుండగా, మనకి అర్ధరాత్రి దాటాక, క్లౌడ్‌ఫ్లేర్‌లోనే లోపం వచ్చి ప్రపంచంలో ఎన్నో సైట్లు ఆగాయి. బాట్లని గుర్తుపట్టే వ్యవస్థ వాడే ఒక ఫైలు ఉండాల్సిన సైజు దాటి పెరిగింది, అది చదివే సాఫ్ట్‌వేర్ కూలిపోయింది. చాలామందికి కనబడిన మాట మాత్రం, ముందుకెళ్లాలంటే ఫలానా అడ్రస్‌ని అన్‌బ్లాక్ చేయండి అని. లోపం అక్కడ, చూసినవాళ్లు వెతుక్కున్నది తమ ఫోన్‌లో. అంత పెద్ద గేటు దగ్గరే బోర్డు అలా తప్పుగా చదివించింది. మనం ఇంకా జాగ్రత్తగా రాయాలి.

చివరి మాట, ఇది అందరూ వినాలి. ఈ తెల్ల తెరలకి మనం అలవాటు పడ్డామని దొంగలకీ తెలుసు. అచ్చం అలాంటి పేజీ పెట్టి, "మనిషినని నిరూపించు" అంటారు. కంప్యూటర్‌లో అయితే విండోస్ మీట, ఆర్ కలిపి నొక్కి, ఏదో పేస్ట్ చేసి ఎంటర్ కొట్టమంటారు. ఫోన్‌లో అయితే "అలౌ" నొక్కమంటారు, యాప్ దించుకోమంటారు. నిజమైన చెక్ వీటిలో ఒక్కటీ అడగదు. ఓటీపీ అడగదు, పాస్‌పోర్ట్ ఫోటో అడగదు. టిక్ దాటి ఇంకేమైనా అడిగిందంటే మూసేయండి. ఇప్పటికే పేస్ట్ చేసి ఉంటే నెట్ ఆపేసి, వేరే ఫోన్ నుంచి బ్యాంక్‌కి కాల్ చేసి, పాస్‌వర్డ్‌లు మార్చండి. సిగ్గుపడి దాచొద్దు.

మార్చిన తర్వాత చెత్త మళ్లీ కొంచెం వస్తోంది. రానీండి, చేత్తో ఏరుకుంటాం. ఆ తమ్ముడి ఫారం కూడా వచ్చింది, అతని కేసు ఇప్పుడు నడుస్తోంది.

మీ దగ్గర్నుంచి ఒక సాయం కావాలి. రేపు స్మోకోలో మీ ఫోన్‌లో, ముఖ్యంగా పాత ఫోన్ ఉన్నవాళ్లు, మన సైట్ తెరిచి చూడండి. ఎక్కడ ఆగినా, ఏ మాట భయపెట్టినా స్క్రీన్‌షాట్ నాకు పంపండి. ఇంగ్లీషు రాని అన్న పక్కనుంటే అతని ఫోన్‌లోనూ చూడండి. బోర్డు సరిగ్గా ఉందో లేదో రాసినవాడికి తెలియదు, చదివినవాడికే తెలుస్తుంది.