గురుశిష్యులకు ఊరి యండ

(మైదుకూరి పఠనమందిరమున చదివిన యుపన్యాసము)



మైదుకూరు నాలుగుదారుల కూడలి. ఉదయమున ఎనిమిది గంటలవేళ ఆ కూడలిలో నిలిచి చూచినవారికి ఈ యూరి సంపద యేదియో తెలియును. పసుపుబస్తాలు కావు, ఉల్లిగడ్డలు కావు. ప్రొద్దుటూరి బస్సు నెక్కువారు, బద్వేలి బస్సు దిగువారు, కడపకు బోవువారు, పల్లెలనుండి ఆటోలలో క్రిక్కిరిసి వచ్చువారు, అందఱును బిడ్డలే. వారి నడుమ భోజనపు క్యారియరు చేతబట్టుకొని, ఎక్కడనో యున్న బడికి బోవుటకై మఱియొక బస్సునకు ఎదురుచూచు అయ్యవార్లు, పంతులమ్మలు.

ఈ యిరుతెగల వారి క్షేమమును గూర్చి మాటలాడుమని మమ్ము కోరినారు. బిడ్డలు బాగుగా చదువవలెనని చెప్పుట సులభము. అయ్యవార్లు శ్రద్ధగా బోధింపవలెనని చెప్పుట అంతకంటె సులభము. వారికి అందుకు వలసిన ధైర్యము ఎచ్చటనుండి వచ్చునని అడుగువారు మాత్రము అరుదు. తన వెనుక ఎవరో నిలిచియున్నారను నమ్మకమునుండియే మనుష్యునకు ధైర్యము పుట్టును. అట్లు నిలువవలసినవారెవరు? ప్రభుత్వమా? తల్లిదండ్రులా? విద్యాలయముల యజమానులా? అందఱును నిలువవలసినవారే. కాని వీరికంటె ముందు మన సీమలో నిలిచినది యొకటి గలదు. అది ఊరు. ఈ మాట మేము అభిమానముచేత చెప్పుట లేదు. దానికి సాక్ష్యము గలదు.

1822లో చెన్నపురి గవర్నరు సర్ తామస్ మన్రో తన యేలుబడిలోని బడుల లెక్కలు పంపుడని జిల్లాల కలెక్టర్లకు ఉత్తరువు చేసెను. ఈయన అంతకుముందు 1800 మొదలు 1807 వఱకు మన దత్తమండలములకు ప్రధాన కలెక్టరుగా నుండినవాడే. 1826 నాటికి తేలిన మొత్తము 12,498 బడులు, 1,88,650 మంది విద్యార్థులు. ఈ లెక్కలకై వచ్చిన జాబులలో కడపనుండి 1825 ఫిబ్రవరిలో వెళ్ళినది యొకటి. ధర్మపాల్‌గారు 1983లో ప్రకటించిన గ్రంథమున అది అచ్చుపడియున్నది. చదువుకొన్నవారెల్ల దానిని ఒకమారు చూడవలెను.

అందలి సారాంశమిది. పదియేండ్లు మొదలు పదునాఱేండ్లలోపు వయస్సుగల బీదబ్రాహ్మణబాలుడు స్వగ్రామమున చదువు దొరకక ఇల్లు విడిచి బయలుదేరును. పదిమైళ్లు, ఇరువదిమైళ్లు, ఒక్కొక్కప్పుడు నూఱుమైళ్లు నడచి, ప్రతిఫలము గోరక చదువుచెప్పు గురువున్న యూరు చేరును. మఱల కొన్ని సంవత్సరములవఱకు ఇల్లు చూడడు. గురువు వానికి అన్నము పెట్టలేడు, ఏలయన అతడును దరిద్రుడే. మఱి ఆ బిడ్డ ఎట్లు బ్రతుకును? కలెక్టరు తన పైవారి తరఫున తానే ఈ ప్రశ్న వేసికొని తానే సమాధానము వ్రాసినాడు: ఊరివారు పోషింతురు. ఒకనాడు గాదు, ప్రతిదినమును. ఒక యిల్లు గాదు, ఊరెల్లను.

దీనినే మన పెద్దలు వారములు చేసికొని చదువుకొనుట యనిరి. సోమవారము ఒకరి యింట, మంగళవారము మఱియొకరి యింట. ఆ యిల్లాండ్రు బాలునికి పెట్టినది అన్నము మాత్రమే యనుకొందుమా? వారమున కొకతూరి ఒక తల్లి వానిని చూచుచుండెను. వాని మొగము వాడియున్నచో, ఏమిరా అబ్బాయీ, ఒంట్లో బాగులేదా యని అడుగుచుండెను. ఏడుదినములు, ఏడుగడపలు, ఏడుగురు తల్లులు. ఇల్లు విడిచివచ్చిన పిల్లవాడు తన దుఃఖమును ఎవరికిని తెలియకుండ దాచుకొనుటకు ఆ యేర్పాటులో చోటు తక్కువ.

అయితే ఆ కాలమును నెత్తికెత్తుకొని పొగడుటకు మేము రాలేదు. ఆ గడపలు అందఱికిని తెఱచియుండలేదు. జాబులోనే యున్నది, ఆ బాలుడు బ్రాహ్మణబాలుడు. మాల మాదిగ బిడ్డలకు ఆ పంక్తిలో విస్తరి లేదు, ఆడపిల్లకు ఆ దారిలో అడుగు లేదు. 1820లో కడపకు ఉద్యోగియై వచ్చిన సి. పి. బ్రౌను మఱుసటియేడు ఇచ్చట దానపాఠశాలలు పెట్టెను. ఆయన చేసినదియు ఒక మనుష్యుని పుణ్యమే గాని శాసనము గాదు. బడిలో అన్నము బిడ్డ హక్కు అగుటకు మఱియొక నూటయెనుబదియేండ్లు పట్టినది. సర్వోన్నతన్యాయస్థానము 2001 నవంబరు 28న చేసిన యుత్తరువును అనుసరించి, ఆంధ్రప్రదేశమున 2003లో మధ్యాహ్నభోజనము మొదలైనది. ఇప్పుడది అన్నదాత్రి డొక్కా సీతమ్మగారి పేర నడచుచున్నది. 2025 జనవరినుండి ప్రభుత్వ జూనియరు కళాశాలలకును వచ్చినది. అన్ని కులముల బిడ్డలును ఒకే పంక్తిలో కూర్చుండి తినుచున్నారు. వారముల కాలమువారు ఊహింపజాలని మంచి యిది.

ఆకలి చాలవఱకు తీఱినది. కాని ఏమిరా అబ్బాయీ యని అడుగు ఆ గొంతు ఎచ్చట బోయినది?

2022 సంవత్సరమున మన దేశములో తమ ప్రాణములు తామే తీసికొన్న విద్యార్థులు 13,044 మంది యని జాతీయ నేరనమోదుశాఖవారి లెక్క. ఈ యంకెను చదివి పుట త్రిప్పివేయకుడు. ఇట్టి దుఃఖమునకు పరీక్ష యొక్కటియే కారణమని మేము అనము. అప్పులు, ఇంటి కలతలు, జబ్బు, ఒంటరితనము, అవమానము అన్నియు ముడివడి యుండును. విశాఖపట్టణమున వైద్యవిద్యాప్రవేశ పరీక్షకు చదువుచుండిన పదునేడేండ్ల బాలిక 2023లో మరణింపగా, ఆమె తండ్రి న్యాయమునకై సర్వోన్నతన్యాయస్థానమువఱకు పోరాడెను. ఆ వ్యాజ్యములో 2025 జూలై 25న వచ్చిన తీర్పు దేశమందలి విద్యాలయముల కన్నిటికిని నియమములు విధించినది. నూఱుగురు, అంతకు మించి విద్యార్థులున్నచోట మనోవైద్యమున శిక్షణగల సలహాదారు ఒక్కరైనను ఉండవలెను. మార్కులనుబట్టి పిల్లలను గుంపులుగా విడదీయరాదు. పదిమందిలో అవమానింపరాదు. అచ్చటి సిబ్బంది యందఱికిని ఏటికి రెండుమార్లైనను ఈ విషయమున శిక్షణ యీయవలెను. తల్లిదండ్రులకును తెలియజెప్పవలెను.

నియమములు మంచివి. కాని మన వీథిగోడలు చూడుడు. ఫలితములు వెలువడిన మఱునాడు ఊరినిండ ఫ్లెక్సీలు, అందు ఫోటోలు, ఒకటి, ఒకటి, ఒకటి, రెండు, రెండు, మూడు! ఆ ఫోటోలలో లేని బిడ్డ ఆ వీథినుండియే నడచి యింటికి బోవలెను. పదిమందిలో అవమానింపరాదని న్యాయమూర్తులు వ్రాసిరి గదా. ఈ గోడలు చేయుచున్న పని ఏమి? ఒకరిని పొగడుట తప్పు గాదు. పొగడ్తను ఆఱడుగుల యెత్తున వ్రేలాడదీసి అంగడి సరకు చేయుట తప్పు.

మన జిల్లాకు మఱియొక చిక్కు గలదు. కఱవుసీమనుండి తల్లులు కువైటునకు బోవుచున్నారు. పరులబిడ్డలను పెంచి పంపిన సొమ్ముతో తమ బిడ్డల ఫీజులు కట్టుచున్నారు. అవ్వతాతల దగ్గఱనో, హాస్టలులోనో పెరుగు ఆ పిల్లలకు తల్లి ఫోనులో కనబడును. మార్కులు తగ్గినచో ఆ తల్లికి చెప్పుట ఎట్లు? ఆమె పడు కష్టమంతయు తన మీద అప్పువలె కూర్చున్నట్లు ఆ బిడ్డకు దోచును. అట్టి బిడ్డకు నీవు చదివిన చదువు చాలలేదని చెప్పువారు పదిమంది గలరు. నీవున్నావు, మాకదియే చాలునని చెప్పువారు ఒక్కరు కావలెను.

మనకు సమీపముననే కందిమల్లాయపల్లె గలదు, ముడుమాల గలదు. పోతులూరి వీరబ్రహ్మముగారి కథలో సిద్దయ్య ఘట్టము మీరందఱును ఎఱిగినదే. దూదేకుల యింట బుట్టి శిష్యుడైన సిద్దయ్యను పూలకని బనగానపల్లెకు బంపి గురువు సమాధియందు ప్రవేశించెనట. తిరిగివచ్చిన సిద్దయ్య, గురువు లేని ప్రాణమెందులకని తానును చావ నిశ్చయించెనట. అప్పుడు గురువు సమాధినుండి మఱల వెలుపలికివచ్చి, శిష్యుని ఓదార్చి, తన దండమును పాదుకలను వానిచేతబెట్టి, బ్రతికి పనిచేయుమని చెప్పెనట. ఇది ఐతిహ్యము, చరిత్ర యని మేము చెప్పము. కాని మన ప్రాంతపు జనులు తరతరములుగా ఏ కథ చెప్పుకొనుచున్నారో గమనింపుడు. శిష్యుడు చావదలచినచో సమాధిలోని గురువైనను లేచిరావలసినదే యని ఈ సీమ నమ్మినది.

ఇక ఆ గురువు మాట. లేచివచ్చుటకు నేటి గురువునకు తీఱిక గలదా?

2024-25 సంవత్సరపు లెక్కలలో ఒక్క యుపాధ్యాయునితో నడచు బడులు దేశమందు లక్షకు మించి యుండగా, అన్ని రాష్ట్రములలోను ఎక్కువగా మన ఆంధ్రప్రదేశముననే 12,912 ఉన్నవి. ఆ యొక్కరే పంతులమ్మ ఒక గదిలో అన్ని తరగతులకును పాఠము చెప్పవలెను. అన్నము ఉడికినదో లేదో చూడవలెను. గుడ్లు లెక్కపెట్టవలెను. ఫోనులో హాజరు వేయవలెను. 2022 ఆగస్టునుండి తన మొగమును సయితము ఫోనునకు చూపి తన రాకను ఋజువుచేసికొనవలసివచ్చెను. కొంతకాలము మరుగుదొడ్ల ఫోటోలు తీసిపంపుటయు అయ్యవారి విధులలో నొకటి. 2024లో అది తొలగినది, సంతోషము. ప్రొద్దుటూరిలో తెలుగు పండితుడుగా పనిచేసిన పుట్టపర్తి నారాయణాచార్యులు ఆ యూరి అగస్త్యేశ్వరాలయమున శివతాండవము రచించెను. ఆయనకు గుడ్లలెక్క పంపు పని లేకుండెను గదా యని మాకు అప్పుడప్పుడు తోచును.

2009 నాటి విద్యాహక్కు చట్టపు 27వ విభాగము జనాభాలెక్కలు, విపత్తులు, ఎన్నికలు తప్ప ఉపాధ్యాయుని బోధనేతర పనులకు నియోగింపరాదని చెప్పుచున్నది. బిడ్డను కొట్టరాదు, మనస్సు నొప్పింపరాదని చెప్పు 17వ విభాగమును మనము అయ్యవారికి తఱచు గుర్తుచేయుదుము. అది న్యాయమే. అయితే 27వ విభాగమును అయ్యవారి పక్షమున ఎన్నడైన గుర్తుచేసితిమా?

ప్రైవేటు బడులలోని వారి స్థితి మఱియు దైన్యము. 2020 మార్చిలో కరోనా వచ్చి బడులు మూతపడగా, ఎందఱో ఉపాధ్యాయులకు జీతములు నిలిచినవి. కూరగాయలు అమ్మినవారు గలరు, కూలికి బోయినవారు గలరు. తెలంగాణ ప్రభుత్వము 2021 ఏప్రిలులో అట్టివారికి నెలకు 2000 రూపాయలు, 25 కిలోల బియ్యము ఇచ్చెను. ఊళ్లు ఏమి యిచ్చినవి? తాము చదువు చెప్పిన పిల్లలయింటికే కూరగాయలు తెచ్చిన అయ్యవారితో బేరమాడిన ఊళ్లు గలవు. లోకమంతటను ఈ వృత్తిని విడిచిపోవువారు హెచ్చుచున్నారు. 2030 నాటికి 4 కోట్ల 40 లక్షల మంది ఉపాధ్యాయులు క్రొత్తగా కావలసివత్తురని యునెస్కో 2024లో ప్రకటించినది. తన గోడు చెప్పుకొను చోటు లేనివాడు పరుని గోడు ఎంతకాలము వినగలడు? బిడ్డకు సలహాదారుని నియమింపవలెనన్న తీర్పును మేము తలదాల్తుము. కాని మన పల్లెబడులలో నూఱుమంది లేరు. అచ్చట ఆ సలహాదారు అయ్యవారే. కావున అయ్యవారి మనస్సు బాగుగా నుండుట వారి సొంతపని గాదు, బిడ్డల పని, అనగా మన పని.

ఊరు ఏమి చేయగలదు? ధనము అడుగుటకు మేము రాలేదు.

ప్రతి ప్రభుత్వపు బడిలోను తల్లిదండ్రుల కమిటీ గలదు. చట్టప్రకారము అందు నాలుగింట మూడువంతులు తల్లిదండ్రులు, సగము స్త్రీలు. ఆ కమిటీ సమావేశములలో మార్కులు, గోడలు, వంటపాత్రల ముచ్చటలే నడచుచున్నవి. రెండు ప్రశ్నలు చేర్చుడు. ఈ నెలలో వరుసగా బడి మానిన బిడ్డ యెవరు, వాని యింటికి ఎవరు వెళ్లిరి? అయ్యవారికి బోధన గాక మఱి యే పనులు పడినవి, వానిలో మనము తీసికొనదగిన దేది? ఒక్కరే యున్న బడిలో ఆ యొక్కరికి జ్వరము వచ్చినచో, మన యూరిలో పింఛను తీసికొనుచున్న అయ్యవార్లు పలువురున్నారు. మండల విద్యాధికారి యనుమతితో ఒక దినము పోయి పిల్లలకు కథ చెప్పివచ్చుట వారికి భారము గాదు, బహుశః ఆరోగ్యము.

హాస్టలు బిడ్డలను పండుగనాడు ఇంటికి పిలుచుట మఱల మొదలిడవలెను. వారమున కొకమారు కాకున్న నెలకొకమారు. కులము అడుగక పిలువుడు. ఆ పాతగడపలు చేయని పని ఇప్పుడైన చేయవచ్చును.

14416 అను ఫోను సంఖ్య గలదు. 2022 అక్టోబరు 10న కేంద్రప్రభుత్వము స్థాపించిన టెలి మానస్ అది. రేయింబవళ్లు పలుకును, తెలుగున పలుకును, ఖర్చు లేదు. బిడ్డలకే కాదు, అయ్యవార్లకును, తల్లిదండ్రులకును. దానిని ఫ్లెక్సీలంత పెద్దయక్షరములలో ఈ మందిరపు గోడమీదను, బస్సులు నిలుచుచోటను, ప్రతి కోచింగు గుమ్మముననువ్రాయింపుడు.

చివరకు ఫలితముల దినము. ఇటీవలి సంవత్సరములలో పదవతరగతి, ఇంటరు ఫలితములు ఏప్రిలులో వచ్చుచున్నవి, తప్పినవారికి మే నెలలోనే మఱల పరీక్ష. మేలో గెలిచినవానికి సంవత్సరము పోదు. ఈ చిన్నసంగతి ఆ సాయంకాలము ఏడ్చుచున్న పిల్లవానికి చెప్పువారుండరు. వాని చెవిలో బడునది ఎదురింటివాని మార్కులు. ఆ దినమున ఈ పఠనమందిరము రాత్రి పదకొండువఱకు తెఱచియుండవలెనని మా విన్నపము. మే పరీక్షకు దరఖాస్తు వ్రాయించుటకు ఇద్దఱు, ఇంటికి తోడు పోవుటకు నలుగురు, ఊరక ప్రక్కన కూర్చుండుటకు ఎందఱైనను కావలెను. స్త్రీలు తప్పక యుండవలెను. పేర్లు వ్రాయుటకు ద్వారముకడ బల్లపై పుస్తకము ఉంచినారు.