చిన్న నట్టు, పెద్ద రక్ష

మన ఓర్వకల్లు విమానాశ్రయం 2021 మార్చిలో మొదలైంది. అక్కడ విమానం కనబడితే మనం రెక్కలు చూస్తాం. ఈరోజు మాత్రం పొగగొట్టాన్ని ఇంజనుకు పట్టి ఉంచే నట్ల గురించి చెప్పుకుందాం.

అమెరికా వంటి దేశాల్లో ఔత్సాహికులు చిన్న విమానాలను సొంతంగా తయారు చేసుకుంటారు. వాటి ఇంజన్ల పొగ వేడి 700, 800 డిగ్రీల సెల్సియస్ దాకా పోతుంది. వేడికి లోహం సాగుతుంది, చల్లారితే ముడుచుకుంటుంది. పైగా అదురు ఆగదు. అలా నట్టు వదులైతే పొగ లీకవుతుంది. అందులోని కార్బన్ మోనాక్సైడుకు రంగు లేదు, వాసన లేదు. పైలట్‌కు తెలియకుండానే స్పృహ తప్పిస్తుంది. వేడి పొగ పెట్రోలు పైపుకు తగిలితే మంటే!

అందుకే ఇక్కడ నైలాన్ నట్లు పనికిరావు. అవి సుమారు 120 డిగ్రీల దాకానే ఆగుతాయి. పూర్తిగా లోహంతో చేసిన లాక్ నట్లు వాడాలి. బోల్టు తలకు రంధ్రముంటే స్టెయిన్‌లెస్ స్టీలు తీగ కట్టాలి. ఆ తీగ బోల్టును ఎప్పుడూ బిగిసే వైపే లాగాలి. వాడిన తీగను మళ్లీ వాడకూడదు. కొత్తగా బిగించాక ఇంజను నడిపి, బాగా చల్లారనిచ్చి, తయారీదారు చెప్పిన బిగువు ఉందో లేదో మళ్లీ చూడాలి. అతుకు దగ్గర బూడిదరంగు మరక కనబడితే అది లీకుకు గుర్తు.

రైతన్నలారా, మీ ట్రాక్టరు సైలెన్సరుకూ ఇదే జాగ్రత్త అవసరం. దాని నట్టు వదులైతే వేరుశనగ కట్టె వామి పక్కన ఒక్క నిప్పురవ్వ చాలు, ఏడాది మేత బూడిదవుతుంది. రేపు బండి తీసే ముందు ఆ నట్లను ఒక్కసారి చూడండి.