భరణి వాళ్లమ్మ
(భానుమతీ రామకృష్ణ స్మారకోపన్యాసం)



పోయిన తల్లిని గురించి రెండు మాటలు చెప్పమంటే మన నోటికి ముందుగా వచ్చేది ఆమె పడ్డ కష్టం. తను తినకుండా మాకు పెట్టింది, కన్నీళ్లు దిగమింగుకుని మమ్మల్ని పెంచింది అంటాం. అబద్ధమేమీ కాదు. కానీ ఆవిడ పాడేదా, దేనికి పగలబడి నవ్వేది, ఎవరిని అనుకరించి ఇంటిల్లిపాదినీ నవ్వించేది అన్నవి ఆ మాటల్లోకి రావు. భానుమతిగారిని తలుచుకునేటప్పుడు మనకు ఆ వెసులుబాటు లేదు. ఆవిడను త్యాగమూర్తిగా కూర్చోబెట్టి దండ వేయడం ఎవరి తరమూ కాదు.

1925 సెప్టెంబర్ 7న ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టారు. సంగీతంలో తొలి గురువు తండ్రి బొమ్మరాజు వెంకటసుబ్బయ్యగారే. 1939లో సి. పుల్లయ్యగారి సినిమా ‘వరవిక్రయం’లో కాళింది వేషం వేశారు. తన పెళ్లికి తండ్రి కట్నం పోయడం భరించలేక ప్రాణం తీసుకునే పిల్ల కాళింది. 1943లో, అప్పటికి సహాయ దర్శకుడిగా ఉన్న పి.ఎస్. రామకృష్ణారావుగారిని ఇష్టపడి చేసుకున్నారు. ఇక సినిమాలు చాలు, ఇల్లు చూసుకుందామనుకున్నారు. బి.ఎన్. రెడ్డిగారు ఊరుకోలేదు. ‘స్వర్గసీమ’ (1945) కోసం మళ్లీ పిలిపించారు. గృహిణిగా స్థిరపడదామనుకున్న మనిషికి దొరికింది చూడండి, పచ్చని కాపురంలో చిచ్చుపెట్టే సుజాత పాత్ర!

కొడుకు పేరు భరణి. భార్యాభర్తలు పెట్టిన సంస్థ భరణి పిక్చర్స్, మద్రాసు సాలిగ్రామంలో కట్టిన స్టూడియో భరణి స్టూడియో. ‘రత్నమాల’, ‘లైలా మజ్ను’, ‘విప్రనారాయణ’, ‘బాటసారి’ ఆ పేరు మీదే వచ్చాయి. కొడుకు మీద ముద్దుకొద్దీ పెట్టుకున్నారని సరిపెట్టుకోవచ్చు. నాకు మాత్రం అందులో ఒక ధీమా కనిపిస్తుంది. నాయికకు పెళ్లయిందంటే గిరాకీ తగ్గుతుందని బెదిరే రంగంలో, నేనొక పిల్లవాడి తల్లిని అని ప్రతి సినిమా మొదట్లోనూ తెరమీద వేయించుకున్న నాయిక ఆవిడ.

1953లో ‘చండీరాణి’. కథ ఆవిడది, దర్శకత్వం ఆవిడది, ద్విపాత్రాభినయం ఆవిడది. పైగా తెలుగు, తమిళం, హిందీ మూడు భాషల్లోనూ తీశారు. తెలుగులో సినిమాకు దర్శకత్వం వహించిన తొలి మహిళ ఆవిడే. ఇంత పని నెత్తిన వేసుకున్న మనిషి మెత్తగా ఉంటుందని ఎవరనుకుంటారు? ‘మిస్సమ్మ’లో మొదట నాయిక ఆవిడే. కొంత షూటింగు అయ్యాక మాటపట్టింపు వచ్చి తప్పుకున్నారు. ఆ వేషం సావిత్రిని ఎక్కడికి తీసుకెళ్లిందో మీకు తెలుసు. భానుమతికి పొగరు అన్నారు. మగ దర్శకుడైతే క్రమశిక్షణ అనేవారు.

నా లెక్కలో ఇవన్నీ ఒక ఎత్తు, ఆవిడ రాసిన ‘అత్తగారి కథలు’ ఒక ఎత్తు. మన సినిమాల్లో అత్త అంటే సూర్యకాంతం గొంతు వినిపిస్తుంది. కోడలు ఏడుస్తుంది, కథ నడుస్తుంది. భానుమతిగారు ఆ మూసను పక్కన పడేశారు. ఆవిడ అత్తగారికి మడి ఉంది, ఆచారం ఉంది, పైసా పోనివ్వని జాగ్రత్త ఉంది, ఎవరి చేతా మోసపోనన్న నమ్మకం ఉంది. ఆ నమ్మకం వల్లే బోల్తా పడుతుంది. ఆ అత్తగారి తర్కాన్ని కోడలు ఎక్కడా ఖండించదు. నిజమే కదా అన్నట్టు మర్యాదగా మనకు అప్పజెబుతుంది, నవ్వడం మన వంతు. బయట నిర్మాతలను హడలెత్తించిన మనిషి, కథలో నోరు మెదపని కోడలై వంటింటి గడప దగ్గర నిలబడి చూస్తూ ఉంటుంది. అంత అహంకారం ఉందని పేరుపడ్డ మనిషి రాసిన కథల్లో నాయిక ఆవిడ కాదు! ఇది విమర్శకులు పట్టించుకోవలసిన సంగతి.

హేళన చేస్తున్నట్టే ఉంటుంది గాని, కథ ముగిసేసరికి అత్తగారి మీద మనకు చులకన మిగలదు. ఇలాంటి పెద్దావిడ మనింట్లోనూ ఉంటే బాగుండుననిపిస్తుంది. ఆ కథలకు ఆంధ్రప్రదేశ్ సాహిత్య అకాడమీ బహుమతి వచ్చింది. స్వీయచరిత్ర ‘నాలో నేను’కు జాతీయ పురస్కారం వచ్చింది. అయినా ఇవాళ్టి కుర్రవాళ్లకు ఆవిడ 1984 నాటి ‘మంగమ్మగారి మనవడు’లో బామ్మ, అంతే. ఆ బామ్మను తక్కువ చేయను. తెరమీద ఆ గదమాయింపు నేర్పితే వచ్చేది కాదు. కాకపోతే ఆ పాత్ర ఇంకెవరో రాసినది, అత్తగారు పూర్తిగా ఆవిడ సొంతం.

2005 డిసెంబర్ 24న చెన్నైలో పోయారు. ఆవిడ పుట్టి 2025తో నూరేళ్లు నిండాయి. శతజయంతి అనగానే పాటల కార్యక్రమాలు పెడతాం. పెట్టండి, ఆవిడ పాడిన ‘మల్లీశ్వరి’ పాటలు ఎన్నిసార్లు విన్నా తనివి తీరదు. వాటితోపాటు ఒక పని చేయమని మిమ్మల్ని కోరుతున్నాను. మీ ఇంట్లో అమ్మో, అత్తగారో, అమ్మమ్మో ఉంటే ఆవిడ ముందు కూర్చుని అత్తగారి కథ ఒకటి పైకి చదవండి. మధ్యలో ఆపి, ‘మా అత్తగారైతే ఇంకోలా చేసేది’ అంటూ ఆవిడ మొదలుపెడితే పుస్తకం మూసేసి, ఆవిడ చెప్పేది రాసుకోండి.