పడవకు పలుపు ఎంత ఉండాలి?

(పూర్వ విద్యార్థుల సంఘం స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముదిగుబ్బలో నిలబడి తుపానులో పడవల సంగతి మాట్లాడితే మీకు నవ్వు రావచ్చు. మద్దిలేరులో నీళ్లు పారితేనే చూడ్డానికి పోయేవాళ్లం మనం. అయినా సముద్రంతో మనకు సంబంధం ఉంది. అక్టోబరు, నవంబరు నెలల్లో మన చెరువుల్లోకి నాలుగు నీళ్లు వచ్చేది చాలాసార్లు బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండాల వల్లే. రేవుల్లో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక ఎగరేశారని రేడియోలో వింటే, మనం అడిగేది ఒకటే: "మనకు వాన పడుతుందా?" ఆ హెచ్చరిక ఎగిరిన రేవులో ఏం జరుగుతుందో, విశాఖలో పడవల ఇంజిన్లు బాగుచేస్తూ బతికినవాడిగా చెబుతాను.

రేవు హెచ్చరికలు 11 ఉన్నాయి. 1, 2 అంటే తుపాను ఇంకా దూరంలో ఉందని. 8 నుంచి 10 దాకా పెనుప్రమాదం. 11 అంటే వాతావరణ కేంద్రంతో సంబంధాలే తెగిపోయాయని. నంబరు పెరిగేకొద్దీ పెద్ద ఓడలను రేవులోంచి బయటికి పంపేస్తారు. రేవులో ఉంటే ఓడ గోడకు గుద్దుకుంటుంది, నడిసముద్రంలో తప్పుకోవడానికి చోటుంటుంది. లంగరు వేసి ఉన్నా నమ్మకం లేదు. 2020 అక్టోబరులో వాయుగుండం గాలికి బంగ్లాదేశ్ ఓడ 'ఎం.వి. మా' లంగరుతో సహా జరిగి, విశాఖలో తెన్నేటి పార్కు దగ్గర ఒడ్డెక్కింది. అందులోని 15 మందీ క్షేమంగా బయటపడ్డారు.

చేపల పడవలకు అలా సముద్రంలోకి పారిపోయే శక్తి లేదు. ఫైబర్ పడవలను ఇసుక మీద వీలైనంత పైకి లాగుతారు. మరపడవలను హార్బరులోనే కట్టేస్తారు. ఎలా కట్టాలన్నదే అసలు విద్య. దూడకు పలుపు మరీ పొట్టిగా కడితే ఏమవుతుందో మనకు తెలుసు. పడవా అంతే. తుపానుకు సముద్రమట్టమే పైకి లేస్తుంది. బిగించి కట్టిన తాడు నీటితోపాటు పడవను లేవనివ్వదు. అప్పుడు తాడైనా తెగుతుంది, పడవైనా మునుగుతుంది. మరీ వదులైతే పక్క పడవను గుద్దుతుంది. అందుకే పొడవైన తాళ్లు, నాలుగు దిక్కులకూ కట్టాలి, మధ్యలో పాత టైర్లు వేలాడదీయాలి. వాననీళ్లు తోడే పంపు బ్యాటరీ నిండుగా ఉండాలి. గాలికి మునగని పడవ లోపల చేరిన వాననీళ్లకు మునిగిపోవచ్చు.

2014 అక్టోబరు 12న హుద్‌హుద్ విశాఖలోనే తీరం దాటింది. గాలి వేగం గంటకు 180 కిలోమీటర్ల దాకా పోయింది. తుపాను కన్ను ఊరి మీదుగా వెళ్లేటప్పుడు కాసేపు గాలి ఆగింది. ఆ తర్వాత ఎదురు దిక్కునుంచి కొట్టింది. ఒక దిక్కు గాలికే కట్టిన తాళ్లు ఆ రెండో దెబ్బకు ఆగవు. ఆ తర్వాత హార్బరులో చూస్తే పడవ మీద పడవ ఎక్కి ఉంది, కొన్నిటికి కొయ్య స్తంభాలు మాత్రమే నీళ్ల పైన కనబడుతున్నాయి. వాటిని సముద్రం కంటే పక్క పడవలే ఎక్కువ విరగ్గొట్టాయి.

విదేశాల్లో విహార పడవలు నిలిపే మెరీనాలదీ ఇదే కథ. అక్కడ తేలే జట్టీలను స్తంభాలకు తగిలిస్తారు. నీళ్లు స్తంభం కొసను దాటి లేస్తే, జట్టీ తనకు కట్టిన పడవలన్నిటితో కలిసి కొట్టుకుపోతుంది. అందుకే అమెరికాలో చాలామంది హరికేన్ వస్తోందంటే పడవను నీళ్లలోంచి తీసి నేల మీద కట్టేస్తారు. హరికేన్ అన్నా, మన తుపాను అన్నా ఒకటే.

ఇక నేను చెప్పదలచిన ముఖ్యమైన మాట. 1977 నవంబరులో దివిసీమ ఉప్పెన 10,000 మంది వరకు పొట్టన పెట్టుకుంది. హుద్‌హుద్‌కు రాష్ట్రంలో పోయినవారు వందలోపే. ముందస్తు హెచ్చరికలు, ఊళ్లు ఖాళీ చేయించడం ప్రాణాలను కాపాడాయి. కానీ హెచ్చరిక పడవను కాపాడదు. అందుకే గాలి మొదలైనా పడవ దగ్గరికి పరుగెత్తే మత్స్యకారులు ఉంటారు. వాళ్లను మొండివాళ్లనేవారిని విన్నాను. నేను అనను. వాన రాని ఏడు కాడెద్దులను అమ్ముకున్న ఇళ్లలో పుట్టినవాళ్లం. ఉన్న ఒక్క ఆధారాన్ని వదిలి రమ్మంటే కాళ్లు కదలవు.

కాబట్టి "వెనక్కి రా" అని మైకులో చెబితే సరిపోదు. పడవ పోయినా బతుకు పోదన్న ధైర్యం ఇవ్వాలి. అంటే తుపానుకు ముందే కట్టిన బీమా, పడవను పైకి లాగే చోటు, హార్బరులో గట్టి కట్టుదిమ్మెలు. పంట బీమా డబ్బు కోసం ఎదురుచూసిన శెనక్కాయ రైతుకు ఈ మాట విడమరచి చెప్పక్కర్లేదు.

ఈ బడిలో చదివి బ్యాంకుల్లో, బీమా ఆఫీసుల్లో, కలెక్టరాఫీసుల్లో పనిచేస్తున్నవాళ్లు ఈ సభలో చాలామంది ఉన్నారు. మీ బల్ల మీదికి ఒక పడవ దరఖాస్తు వస్తే, దాన్ని మన ఊరి రైతు కాగితం అనుకుని చూడండి. ఇంత దూరం వచ్చి అడుగుతున్నది అదొక్కటే.