ఎండవేళ నిమ్మపానీయము

వేసవి వచ్చినదని మన ఇండ్లకు మొదట తెలియజేయునది పంచాంగము కాదు, నిమ్మకాయల ధర. మాఘమాసమున ఎవరి కంటను పడని ఈ చిన్న కాయ చైత్రము నాటికి ప్రియమై కూర్చుండును. 2022వ సంవత్సరము ఏప్రిల్ నెలలో హైదరాబాదు అంగళ్లలో ఒక్కొక్క కాయ 10 రూపాయలు పలికిన సంగతి మీలో చాలమందికి జ్ఞాపకముండును. ఇంత ఖరీదు పెట్టి కొన్న కాయనుండి మంచి పానీయమును ఎట్లు సిద్ధము చేయవలెను, దానిని ఎవరికి, ఎప్పుడు ఈయవలెను అను రెండు విషయములను నేడు మనవి చేసెదను.

జూబ్లీహిల్స్, ఫిలింనగర్ ప్రాంతములందు నిమ్మకాయకు రెండు ఉద్యోగములు కలవు. మొదటిది దిష్టి తీయుట. చిత్రమునకు కొబ్బరికాయ కొట్టునాడును, పని ముగిసి గుమ్మడికాయ కొట్టునాడును నిమ్మకాయ అచట ఉండి తీరవలెను. క్రొత్త కారు చక్రముల క్రింద, మిరపకాయలతో కూడి దుకాణపు గుమ్మముమీద, పెద్దమ్మతల్లి గుడిలో దండగా, ఎక్కడ చూచినను అదియే. రెండవ ఉద్యోగము దాహము తీర్చుట. మొదటి ఉద్యోగమునకు మనము చూపు శ్రద్ధలో సగమైనను రెండవదానికి చూపిన మేలు.

ఇది రాతి నేల. పగలెల్ల కాగిన బండలు ప్రొద్దు క్రుంకిన తరువాత కూడ చాలసేపు వేడిని విడుచుచునే ఉండును. 1976లో అక్కినేని నాగేశ్వరరావుగారు బంజారాహిల్స్‌లో అన్నపూర్ణ స్టూడియోను నెలకొల్పిరి. పిమ్మట ఫిలింనగర్ కొండమీద రామానాయుడుగారి స్టూడియో వెలసినది. మదరాసునుండి చిత్రపరిశ్రమ క్రమముగా ఇచ్చటికి తరలివచ్చినది. తెరమీద మనకు కనిపించు నటీనటులు కొద్దిమంది. దీపములు మోయువారు, పట్టాలు పరచి కెమెరా బండిని త్రోయువారు, రంగములు కట్టు వడ్రంగులు, కృష్ణానగర్ గదులనుండి తెల్లవారకమునుపే బయలుదేరి గుంపు దృశ్యములలో నిలుచు చిన్న నటులు, వీరందరును ఎండలోనే పని చేయుదురు. ఇండ్లు కట్టు కూలీలును, వాకిట కావలి కాయువారును, సామానులు చేరవేయు యువకులును అట్టివారే. 2015 మే నెలలో వీచిన వడగాడ్పులకు రెండు తెలుగు రాష్ట్రములలోను కలిపి 2,000 మందికి పైగా మరణించిరి. వారిలో హెచ్చుమంది బయట పనిచేయు కూలీలు, వృద్ధులు. కావున ఎండవేళ ఇచ్చు ఒక గ్లాసు నీరు ఉపచారము మాత్రమే కాదు, ప్రాణరక్షణ కూడ.

ఇక కాయ సంగతి. మనము నిమ్మ అనునది చిన్నది, పలుచని తోలు కలది. ఆంగ్లేయులు లైము అందురు. వారు లెమన్ అని పిలుచునది పెద్దది, మందపు తోలు కలది, వేరొక జాతి. మన నిమ్మకు గూడూరు, తెనాలి, ఏలూరు, నల్లగొండ జిల్లాలోని నకిరేకల్ పేరుపొందిన విపణులు. తిరుపతి పరిశోధన కేంద్రమువారు గజ్జితెగులునకు ఓర్చు బాలాజీ అను రకమును రైతులకు అందించిరి. కొనునపుడు కాయ పచ్చగా నున్నదా, పసుపుపచ్చగా నున్నదా అని చూచుటకంటె చేతిలో తూచి చూచుట మంచిది. తోలు నున్నగా, పలుచగా ఉండి, పరిమాణమునకు మించిన బరువు తోచినచో రసమున్నదని గుర్తు. గట్టిగా, గరుకుగా నున్న కాయలో తోలే హెచ్చు.

ఐదు గ్లాసుల పానీయమునకు లీటరు నీరు, మధ్యరకపు నిమ్మకాయలు నాలుగు, తలకొట్టిన చిన్న చెంచాలతో పంచదార పండ్రెండు, ఉప్పు పావు చెంచా చాలును. నీటిని ముందుగా కాచి చల్లార్చి ఉంచుకొనవలెను. పంచదార చల్లని నీటిలో త్వరగా కరుగదు. అందుచే చాలమంది అవసరమునకు మించి వేయుదురు, మిగిలినది గ్లాసు అడుగున నిలిచిపోవును. ఒక గిన్నెడు వేడినీటిలో పంచదారను, ఉప్పును ముందు కరిగించి, వడగట్టి, బాగుగా చల్లారిన పిమ్మట తక్కిన నీటిలో కలుపుడు. నిమ్మరసమును చివరనే చేర్చవలెను. వేడి పాకములో పిండినచో సువాసనయు పోవును, విటమిను సి యు కొంత నశించును.

కాయలను కడిగి, గోరువెచ్చని నీటిలో కొద్దిసేపు ఉంచి, బల్లమీద అరచేతితో అదిమి దొర్లించినచో లోపలి తొనలు మెత్తబడి రసము సులభముగా వచ్చును. తొడిమనుండి నిలువుగా గాక అడ్డముగా కోయుడు. అన్ని తొనలును తెరచుకొనును. గింజలు తీసివేసి, మితముగా పిండుడు. ఆఖరి బొట్టుకై తోలును మెలిపెట్టినచో అందలి నూనెయు, లోపలి తెల్లని పొర యొక్క చేదును రసములో కలియును. ఈ చేదు వెంటనే తెలియదు, కొంతసేపటికి బయటపడును. ఉదయము పిండి ఉంచిన రసము మధ్యాహ్నమునకు చేదెక్కుటకు ఇదియే కారణము.

పాత్ర విషయమున మన పెద్దలు చెప్పినది శాస్త్రసమ్మతము. కళాయి లేని రాగి, ఇత్తడి గిన్నెలలోను, అల్యూమినియము గిన్నెలలోను పులుసు పదార్థమును ఉంచరాదు. గాజు, పింగాణి, స్టీలు పాత్రలు మంచివి. దీనికి చరిత్రలో ఒక నిదర్శనము కలదు. 1747లో జేమ్సు లిండ్ అను ఓడవైద్యుడు చిగుళ్లవ్యాధితో బాధపడు నావికులకు నారింజలు, నిమ్మపండ్లు ఇచ్చి నయము చేసెను. 1795 నుండి బ్రిటిష్ నౌకాదళమున ఈ రసమును పంచసాగిరి, వ్యాధి తగ్గెను. 1860 తరువాత పెద్ద జాతి నిమ్మకు మారుగా పశ్చిమ ఇండియా దీవుల చిన్న నిమ్మను తెప్పించి, రసమును నిలువచేసి, రాగి గొట్టములగుండ పంపి వాడిరి. వ్యాధి మరల తలయెత్తెను. చిన్న నిమ్మలో విటమిను సి తక్కువ. ఉన్నదానిని గాలియు, నిలువయు, రాగియు హరించినవి. అప్పటికి విటమిను సంగతి ఎవరికిని తెలియదు. 1930 ప్రాంతమున గాని ఆ పదార్థము వేరుచేయబడలేదు. అప్పుడే పిండి అప్పుడే త్రాగుమనుటలోని అర్థమిది.

అయినను నిమ్మపానీయమునకు లేని గొప్పతనమును అంటగట్టరాదు. ఒక కాయ రసములో విటమిను సి కొద్దిగా మాత్రమే. హైదరాబాదులోని జాతీయ పోషకాహార సంస్థ 2020 సిఫారసు ప్రకారము పురుషునకు దినమునకు 80, స్త్రీకి 65 మిల్లీగ్రాములు కావలెను. అందుకు జామపండును, ఉసిరికాయయు మేలు. నిమ్మ చేయు ఉపకారము వేరు. అది నీటికి రుచినిచ్చి మనచే ఎక్కువ నీరు త్రాగించును. చెమటలో పోయిన ఉప్పు కొంత తిరిగి చేరును. పంచదార, ఉప్పు కలిసియుండుటచే ప్రేగులు నీటిని త్వరగా గ్రహించును.

రుచికి మార్పులు ఎన్నియైన చేసికొనవచ్చును. వేయించిన జీలకర్ర పొడి, నల్ల ఉప్పు, నలిపిన పుదీనా, చిన్న అల్లపు ముక్క, వీనిలో ఏదైన ఒకటి చాలును. అన్నియు కలిపినచో నిమ్మ కనబడదు. సబ్జా గింజలను ఇరువది నిమిషములు నీటిలో నానబెట్టి వేసిన చూపునకును ఇంపు. రాయలసీమలో నన్నారి పాకముతో నిమ్మరసమును కలుపుదురు, ఆ సువాసన వేరు. మంచుగడ్డను బజారునుండి తేకుడు. కాచిన నీటినే ఇంటిలో గడ్డకట్టించుకొనుడు. పానీయము ఎంత శుభ్రమైనను మంచు శుభ్రము కానిచో శ్రమ వ్యర్థము.

మరి కొన్ని జాగ్రత్తలు. మధుమేహము కలవారు పంచదార మానవలెను. రక్తపుపోటు, మూత్రపిండముల జబ్బు కలవారు ఉప్పు విషయమున వైద్యుని అడుగవలెను. త్రాగిన పిదప నోరు పుక్కిలించినచో పండ్లకు మంచిది. నిమ్మరసము అంటిన చేతులతో ఎండలోనికి పోరాదు. రసమును, తోలులోని నూనెయు సూర్యకాంతితో కలిసి చర్మమును కాల్చి నల్లని మచ్చలు తెప్పించును. విరేచనములైనవారికి ఈ పానీయము చాలదు, వారికి జీవనజలము కావలెను. అందుబాటులో లేనిచో లీటరు నీటికి ఆరు చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కొలిచి కలుపవలెను. వడదెబ్బ తగిలి స్పృహ తప్పినవారి నోట ఏదియు పోయరాదు. నీడకు చేర్చి, తడిగుడ్డలతో తుడిచి, విసరుచు, 108కి ఫోను చేయవలెను.

చివరగా ఒక్క మాట. విందుకు వచ్చిన అతిథికి వెండిపళ్లెములో నిమ్మపానీయము అందించు ఇండ్లకు ఈ కొండలమీద కొదువ లేదు. వాకిట నిలిచిన కావలివానికి, గోడ కట్టు మేస్త్రికి, సరకులు తెచ్చిన బాలునకు అదే పానీయము, అటువంటి గ్లాసుతోనే అందవలెను. అడుగుటకు వారు మొగమాటపడుదురు. అడుగకమునుపే మనము ఈయవలెను. లీటరు పానీయమునకు పట్టునది పావుగంట కాలము, నాలుగు కాయలు. వాకిటిలో ఒకడు ఎండకు సోలుచుండగా ఇంటిలోనివారు నిమ్మకు నీరెత్తినట్లు కూర్చుండుట తగదు. నిమ్మను నీటిలో పిండి, వాకిటికి తీసికొనిపొండు.