సెలవుల పట్టికలో మతము

 

ఢిల్లీలోని మన కార్యాలయములలో ఉగాది అందరికిని సెలవు కాదు. సంవత్సరమున మనకిచ్చు రెండు ఐచ్ఛిక సెలవులలో ఒకటి ఉగాదికి, రెండవది సంక్రాంతికి సరిపోవును. వినాయక చవితినాడు పత్రి మాట గృహిణులకు వదలి ఫైళ్లయొద్దకు పరుగిడుదుము. పలు మతముల ప్రజలను ఒక ప్రభుత్వమెట్లు చూచునో తెలియగోరినవారు రాజ్యాంగముతోబాటు సెలవుల పట్టికను గూడ చదువవలెనని నా మనవి.

ఫ్రాన్సును తీసికొందము. ఏ మతమును గుర్తింపదనియు, ఏ మతాచార్యులకును జీతమీయదనియు ఆ ప్రభుత్వము 1905 డిసెంబరు 9 నాటి శాసనమున ప్రకటించెను. అయినను క్రిస్మసేగాక క్రీస్తు స్వర్గారోహణ దినము, సకల పునీతుల పండుగ నేటికిని అచ్చట దేశమంతటికిని సెలవులే. యూదులు, మహమ్మదీయులు, బౌద్ధులైన ఉద్యోగులకో, పనికి భంగము లేనిచో పై అధికారి అనుమతి యీయవచ్చును. ఒకరిది హక్కు, వేరొకరిది అర్జీ.

మరియొక వింత గలదు. ఆ శాసనము వచ్చునాటికి ఆల్సేస్, మొజెల్ ప్రాంతములు జర్మనీ యేలుబడిలో నుండెను. మొదటి ప్రపంచయుద్ధానంతరము అవి మరల ఫ్రాన్సును చేరినను పాత పద్ధతిని విడువలేదు. 1924లో ప్రధాని ఎర్యో ఆ శాసనమును అచ్చటను అమలుపరుపబూని, ప్రజల యలజడిని చూచి వెనుకకు తగ్గెను. కావున నేటికిని అచటి కాథలిక్, ప్రొటెస్టెంటు, యూదు మతాచార్యులకు ఖజానానుండియే జీతములు. స్ట్రాస్‌బర్గు, మెట్జ్ బిషప్పులను నియమించువాడు సాక్షాత్తు దేశాధ్యక్షుడు! పిదప వచ్చిన ఇస్లామునకు ఆ పట్టికలో చోటు లేదు. ఇది రాజ్యాంగవిరుద్ధము కాదని 2013లో రాజ్యాంగ మండలి తీర్పు చెప్పినది. పారిస్ గుమాస్తాకు లేని గుడ్ ఫ్రైడే సెలవు స్ట్రాస్‌బర్గు గుమాస్తాకు గలదు.

మన సంగతి. ఢిల్లీ వెలుపలి కేంద్ర కార్యాలయములకు తప్పనిసరియైన 14 సెలవులలో 3 జాతీయ దినములు పోగా, ముస్లిములవి 4, హిందువులవి 2, క్రైస్తవులవి 2, సిక్కు, జైన, బౌద్ధులవి ఒక్కొక్కటి. ఈ లెక్క చూచి కనుబొమలు ముడుచువారు, స్థానికముగా ఎన్నుకొను మరి మూడు సెలవుల జాబితాను గూడ చూతురుగాక! అది మిక్కిలిగా హిందూ పర్వములదే. పారసీల నవ్రోజు గూడ ఆ జాబితాలో గలదు; ఢిల్లీలో మాత్రము అది ఐచ్ఛికములలోనే మిగిలినది.

మా విభాగమున ఒక పారసీ మిత్రుడుండెడివాడు. ఒక యేడు నవ్రోజుకు ఆయన అర్జీ పెట్టగా, పార్లమెంటు ప్రశ్నకు జవాబు ఆనాడే పోవలసి యుండుటచే, "పని ముగించి వెళ్లవచ్చును" అని నేనే దానిపై వ్రాసితిని. పని ముగియుసరికి రాత్రి యెనిమిదైనది. మరునాడు ఆయన మాకందరకు మిఠాయి తెచ్చెను. అంతకుముందు ఉగాదినాడు నా ఫైళ్లు చూచినవాడు ఆయనయే.